పాత డీజిల్ పికప్‌లో ఒకేసారి నాలుగు సెన్సర్ కోడ్‌లు: ఈసీయూ మార్చే ముందు కొలవవలసినవి

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకచోట పెడతాను, నా జవాబంతా వాటి మీదే ఆధారపడుతుంది. మీది 2013 మోడల్ కామన్ రైల్ డీజిల్ పికప్, అంటే ఇంజెక్టర్లన్నింటికీ ఒకే పైపు (రైల్) నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందే రకం. మదనపల్లె వైపు నుంచి చింతామణి, హోసకోట మీదుగా బెంగళూరుకు కూరగాయలు తోలుతున్నారు. కొంతకాలంగా ఇంజన్ లైటు వెలుగుతోంది, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి రెండు వేల ఆర్‌పీఎం దాటి లాగడం లేదు. దీనికి తోడు కేఆర్ పురం ట్రాఫిక్‌లోకి వచ్చాక ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోతోంది, అరగంట చల్లారితే మళ్లీ స్టార్టవుతోంది. రాత్రి హెడ్‌లైట్లు వేసినప్పుడు బాధ ఎక్కువగా ఉందని కూడా రాశారు. స్కానర్‌లో పి0192, పి0122, పి0237, పి0335 కోడ్‌లు వచ్చాయి. రైల్ ప్రెషర్ సెన్సర్, ఆక్సిలరేటర్ పెడల్ మార్పించినా గుణం కనిపించలేదు, ఇప్పుడు మెకానిక్ ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) పోయిందంటున్నారు.

దయచేసి ఈసీయూ ఇప్పుడే కొనకండి. ఆ కోడ్‌లను ఇంకోసారి నిదానంగా చదివితే అవి వేరే దారి చూపిస్తున్నాయి. పి0192 అంటే రైల్ ప్రెషర్ సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజీ ఉండవలసినదానికన్నా తక్కువగా ఉందని అర్థం. పి0122 పెడల్ పొజిషన్ సెన్సర్ గురించి, పి0237 టర్బో బూస్ట్ సెన్సర్ గురించి సరిగ్గా ఇదే మాట చెబుతున్నాయి. ఈసీయూకు సెన్సర్ కనిపించదు, తన పిన్ను దగ్గరికి వచ్చిన వోల్టేజీ ఒక్కటే కనిపిస్తుంది. ఆ వోల్టేజీ హద్దు దాటితే సెన్సర్ పేరుతో కోడ్ రాసిపెడుతుంది. అంటే లోపం సెన్సర్‌లో ఉండవచ్చు, వైర్లను కలిపే కప్లర్‌లో ఉండవచ్చు, వైరులో ఉండవచ్చు, సెన్సర్‌కు వెళ్లే సప్లైలోనూ ఉండవచ్చు. కోడ్‌లో కనిపించిన పేరును బట్టి సామాను మారుస్తూ పోతే ఈ నాలుగింటిలో మూడింటిని చూడకుండా వదిలేసినట్టే.

మూడు వేర్వేరు సెన్సర్లు ఒకే కాలంలో, ఒకే రకంగా, వోల్టేజీ తక్కువన్న ఫిర్యాదే చేయడం యాదృచ్ఛికమని నేను అనుకోను. ఈ మూడింటికీ ఈసీయూ నుంచే ఐదు వోల్టుల సప్లై వెళుతుంది, చాలా బండ్లలో ఒకే సప్లై లైను మధ్యలో చీలి రెండు మూడు సెన్సర్లకు పోతుంది. ఒకే గొట్టం మీద ఉన్న కుళాయిలన్నింటిలో నీళ్లు ఒక్కసారే సన్నబడితే ఎవరూ కుళాయిలు మార్చరు, గొట్టం ఎక్కడ పగిలిందో వెతుకుతారు. మీ బండిలోనూ ఆ ఐదు వోల్టుల లైను ఎక్కడో ఒరుసుకుని ఇంజన్ లోహానికి తగులుతోందని, లేదా ఆ లైను మీద ఉన్న సెన్సర్లలో ఒకటి లోపల షార్టయి మిగతావాటిని కూడా కిందికి లాగుతోందని నా గట్టి అనుమానం. నాలుగోది పి0335, ఇంజన్ తిరిగే వేగాన్ని ఈసీయూకు చెప్పే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్ కోడ్. అది ఈ మూడింటితో కలిసిందా, వేరేనా అన్నది తర్వాత చూద్దాం.

పనికి కావలసినవి పెద్దవేమీ కావు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో వెయ్యి రూపాయల లోపు దొరికే డిజిటల్ మల్టీమీటర్, కప్లర్ వెనక వైపు నుంచి దూర్చడానికి సన్నని గుండుసూదులు, లైవ్ డేటా చూపించే స్కానర్ ఉంటే చాలు. బల్బు ఉన్న టెస్ట్ ల్యాంపును మాత్రం సెన్సర్ వైర్ల దగ్గరికి రానివ్వకండి. అది లాగే కరెంటుకు ఐదు వోల్టుల సర్క్యూట్ తట్టుకోదు, బాగున్న ఈసీయూ కూడా దెబ్బతినవచ్చు. వైరు తొక్కకు సూది గుచ్చి చూసే అలవాటు కూడా మంచిది కాదు. ఆ రంధ్రం గుండా వానాకాలంలో తేమ దిగుతుంది, కొన్ని నెలల తర్వాత అక్కడే రాగి పచ్చబడి కొత్త తంటా మొదలవుతుంది.

అన్నిటికన్నా ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఎర్త్ చూడాలి. సెన్సర్ సమస్యకు బ్యాటరీ ఎందుకని చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. అయితే రాత్రి లైట్లు వేస్తే బాధ పెరుగుతోందని మీరే రాశారు కాబట్టి మీ బండి విషయంలో దీన్ని దాటడానికి వీల్లేదు. రాత్రంతా నిలిపి ఉంచిన బండికి పొద్దున్నే బ్యాటరీ టెర్మినళ్ల మధ్య కొలిస్తే 12.6 వోల్టులకు దగ్గరగా ఉండాలి. 12.2 ఉంటే సగం చార్జి మాత్రమే ఉన్నట్టు, 12 కన్నా తక్కువైతే ముందు బ్యాటరీ సంగతి తేల్చుకుని తర్వాతే మిగతా పరీక్షలకు దిగాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు వోల్టేజీ 9.6 కన్నా దిగకూడదు. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి, హెడ్‌లైట్లు, బ్లోయర్, వైపర్ అన్నీ వేసి రేజింగ్ కొంచెం పెంచినప్పుడు కూడా దాదాపు అక్కడే నిలవాలి. ఆ తర్వాత మీటరును ఏసీ వోల్టుల వైపు తిప్పి అదే బ్యాటరీ మీద కొలవండి. అర వోల్టు కన్నా ఎక్కువ చూపిస్తే ఆల్టర్నేటర్‌లో డయోడ్ పోయిందని అనుమానించాలి. అక్కడి నుంచి వచ్చే అలజడి సెన్సర్ సిగ్నళ్లలో కలిసిపోయి అర్థం కాని కోడ్‌లు పుట్టిస్తుంది.

ఆల్టర్నేటర్ పని చేస్తోందో లేదో చూడడానికి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసే పాత పద్ధతి ఇంకా కొన్ని షెడ్లలో కనిపిస్తుంది. మెకానికల్ పంపు డీజిల్ బండ్ల కాలంలో అది నడిచింది. ఈసీయూ ఉన్న బండిలో ఎవరినీ ఆ పని చేయనివ్వకండి. బ్యాటరీ ఊడిన క్షణంలో ఆల్టర్నేటర్ వోల్టేజీ ఒక్కసారిగా పదుల వోల్టులు ఎగబాకి ఈసీయూను నిజంగానే కాల్చేయవచ్చు.

ఎర్త్ పరీక్షను చాలామంది ఓమ్స్‌లో చేసి బాగుందని తేల్చేస్తారు. అది సరిపోదు. పది పోగుల్లో ఒక్క పోగు మిగిలిన కేబుల్ కూడా ఓమ్స్‌లో సున్నాయే చూపిస్తుంది, కరెంటు పారినప్పుడు మాత్రం అది నిలవదు. అందువల్ల కరెంటు పారుతుండగా వోల్టేజీ ఎంత పోతోందో కొలవాలి. మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి నల్ల ప్రోబును బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద, ఎర్ర ప్రోబును ఇంజన్ బ్లాకు మీద రంగు లేని లోహపు చోట పెట్టి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. 0.2 లేదా 0.3 వోల్టుల లోపు ఉంటే మంచిది, అర వోల్టు దాటితే ఎర్త్ దారిలో అడ్డు ఉన్నట్టే. తర్వాత ఎర్ర ప్రోబును క్యాబిన్ బాడీ మీద పెట్టి, ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు హై బీమ్‌లో వేసి చూడండి. చివరిగా ఒక సెన్సర్ కప్లర్ వెనక నుంచి ఎర్త్ పిన్నులోకి సూది దూర్చి కొలవండి, అక్కడ 0.1 వోల్టు కూడా దాటకూడదు.

ఇంత పాత పికప్‌లలో ఇంజన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే అల్లిక రాగి పట్టీని నేను తప్పకుండా ఊడదీసి చూస్తాను. పైకి బోల్టు బిగుతుగానే ఉంటుంది. విప్పితే పట్టీ చివరి రింగు కింద తుప్పు, దాని కింద ఎప్పుడో కొట్టిన రంగు పొర, అల్లికలో సగం పోగులు నల్లబడి ముట్టుకుంటే రాలిపోవడం కనిపిస్తాయి. ఈ దారి మూసుకుపోయినప్పుడు సెల్ఫ్ కరెంటు, హెడ్‌లైట్ల కరెంటు ఇతర సన్నని ఎర్త్ వైర్ల గుండా తిరిగి వెళ్లడానికి ప్రయత్నిస్తాయి, సెన్సర్ల రీడింగులు అసలు విలువకు దూరంగా జరుగుతాయి. పట్టీ కొత్తది వేసి, ఛాసిస్ మీద ఆ చోటును ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, బిగించిన తర్వాత పైన గ్రీజు రాస్తే చాలు. ఖర్చు చాలా తక్కువ. మిగతా లోపం ఏదైనా సరే, ఇది సరిగా లేకుండా తర్వాతి కొలతలను నమ్మలేం.

ఇప్పుడు అసలు సంగతికి, ఐదు వోల్టుల లైనుకు వద్దాం. ఇంజన్ ఆపి, కీ ఆఫ్ చేసి, రైల్ ప్రెషర్ సెన్సర్ కప్లర్ ఊడదీయండి. కప్లర్ మాత్రమే తీయాలి, రైల్ మీదున్న సెన్సర్‌ను కానీ ఇనుప పైపుల నట్లను కానీ ముట్టుకోకూడదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆ పైపుల్లో డీజిల్ ఒత్తిడి వెయ్యి బార్లు దాటగలదు, అక్కడి నుంచి చిమ్మే సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగిపోతుంది. కప్లర్‌లో మూడు పిన్నులు ఉంటాయి: సప్లై, ఎర్త్, సిగ్నల్. కీ ఆన్ చేసి బ్యాటరీ నెగెటివ్‌కూ ఒక్కో పిన్నుకూ మధ్య కొలవండి. సప్లై పిన్ను మీద 4.9 నుంచి 5.1 వోల్టుల వరకు ఉండాలి. కొన్ని ఈసీయూలు కప్లర్ ఊడి ఉన్నప్పుడు సిగ్నల్ పిన్ను మీద కూడా ఐదు వోల్టులకు దగ్గరగా చూపిస్తాయి, కాబట్టి ఏ పిన్ను ఏదో మీ మోడల్ వైరింగ్ డయాగ్రామ్‌లో చూసుకునే తేల్చుకోండి.

సప్లై పిన్ను మీద ఐదు వోల్టులకు బదులు సున్నా గానీ, ఒకటి రెండు వోల్టులు గానీ కనిపిస్తే లైను షార్టులో ఉన్నట్టే. మీటరును అలాగే ఉంచి, ఆ లైను మీదున్న మిగతా సెన్సర్ల కప్లర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ రండి: బూస్ట్ సెన్సర్, పెడల్, ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే) వాల్వు పొజిషన్ సెన్సర్, ఏసీ ఉన్న బండిలో ఏసీ ప్రెషర్ సెన్సర్. ఈ చివరిదాన్ని చాలామంది మరిచిపోతారు, ఏసీకి ఇంజన్ శక్తికి ఏం సంబంధమని. సప్లై ఒకటే అయినప్పుడు సంబంధం ఉంటుంది. కొన్ని ఈసీయూలు షార్టును గుర్తించగానే ఆ సప్లైని ఆపేసి, కీ మళ్లీ తిప్పేదాకా తిరిగి ఇవ్వవు. అందువల్ల ప్రతి కప్లర్ ఊడదీసిన తర్వాతా కీ ఆఫ్ చేసి, కాసేపు ఆగి, ఆన్ చేసి చూడాలి. ఈ సంగతి తెలియక, అసలు దోషి అయిన సెన్సర్ కప్లర్ తీసి కూడా వోల్టేజీ రాలేదని ముందుకు వెళ్లిపోయిన వాళ్లను చూశాను. ఏ కప్లర్ తీస్తే ఐదు వోల్టులు తిరిగి వచ్చాయో, దోషం ఆ సెన్సర్‌లోనో దాని కప్లర్‌లోనో ఉంటుంది. అన్నీ తీసినా రాకపోతే బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, తర్వాత ఈసీయూ కప్లర్ తీసి, ఆ సప్లై వైరుకూ ఇంజన్ బ్లాకుకూ మధ్య ఓమ్స్ కొలవండి. కనెక్షన్ చూపిస్తే వైరింగ్‌లో షార్టు ఉంది. చూపించకపోతే, అప్పుడు మాత్రమే ఈసీయూను అనుమానించడం న్యాయం.

మీ బండిలో ఈ పరీక్ష నిలిపి ఉన్నప్పుడు చేస్తే ఐదు వోల్టులు చక్కగా వచ్చే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే మీకు లోపం లోడు మీదనే బయటపడుతోంది. మీలాంటి ఫిర్యాదుతోనే నా దగ్గరికి వచ్చిన ఒక కూరగాయల పికప్ సంగతి ఇక్కడ పనికొస్తుంది. అది నిలిపి ఉన్నప్పుడు ఏ లోపమూ చూపేది కాదు. కప్లర్ వెనక నుంచి సూది దూర్చి, పొడవైన వైర్లతో మీటరును క్యాబిన్‌లోకి తెచ్చుకుని, లోడుతోనే రోడ్డు మీదికి తీసుకెళ్లాం. ఎత్తు ఎక్కుతూ ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడల్లా ఐదు వోల్టులు ఒక్క క్షణం ఒకటిన్నరకు పడిపోయి తిరిగి వచ్చేవి. తిరిగి వచ్చి ఇంజన్ వెనక వైపు, క్యాబిన్ గోడకు దగ్గరగా వైరింగ్ పైప్ విప్పి చూస్తే, దాన్ని పట్టి ఉంచే క్లాంపు ఊడిపోయి వైర్ల కట్ట ఒక బ్రాకెట్ బోల్టు తల మీద ఒరుసుకుంటోంది. ఒక వైరు మీద అర సెంటీమీటరు మేర తొక్క పోయి రాగి మెరుస్తోంది, బోల్టు తల మీద కూడా అదే కొలతలో ఒక తళతళలాడే గీత ఉంది. ఇంజన్ మీద భారం పడినప్పుడు అది మౌంటింగుల మీద ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ బండి మౌంటింగ్ రబ్బర్లు చచ్చిపోయి ఉండటంతో మరింత ఎక్కువ ఒరిగేది, ఒరిగినప్పుడల్లా రాగి బోల్టుకు తగిలేది. అందుకే మీ బండికి కూడా ఎవరినైనా బ్రేకు తొక్కి, గేరు వేసి, క్లచ్ కొంచెం కొంచెం వదలమని, పక్క నుంచి సురక్షితంగా నిలబడి ఇంజన్ ఎంత ఊగుతోందో చూడండి. బండి ముందు మాత్రం ఎవరూ నిలబడకూడదు. ఎక్కువ ఊగుతుంటే మౌంటింగులు కూడా మార్చాలి, లేకపోతే సరిచేసిన వైరు మళ్లీ ఒరుసుకుంటుంది.

ఒరుసుకునే చోట్లు ఏ బండిలోనైనా దాదాపు ఇవే: ఇంజన్ వెనక క్యాబిన్ గోడ దగ్గరి మలుపు, ఈజీఆర్ పైపు పక్కన వేడికి తొక్క గట్టిపడి పగిలే చోటు, బ్యాటరీ ట్రే కింద యాసిడ్ కారిన చోటు, వైరింగ్ క్యాబిన్ లోపలికి వెళ్లే రబ్బరు గ్రోమెట్. మీది కూరగాయలు మోసే బండి కాబట్టి ఎలుకల కాట్లు కూడా వెతకండి. టమాటా రసం కారిన బండి రాత్రి మార్కెట్ దగ్గర నిలిచి ఉంటే ఎలుకలు బానెట్ కిందికి చేరడం మామూలే. ఇంకొక ప్రశ్న కూడా అడగాలి: ఈ బాధలు మొదలయ్యే ముందు వెనక బాడీకి గానీ క్యారియర్‌కు గానీ వెల్డింగ్ చేయించారా? బ్యాటరీ, ఈసీయూ కప్లర్ తీయకుండా వెల్డింగ్ చేస్తే ఆ కరెంటు వైరింగ్ గుండా పోయి సెన్సర్లను దెబ్బతీయగలదు. జీపీఎస్ ట్రాకర్, మ్యూజిక్ సిస్టమ్, అదనపు లైట్లు, పెద్ద హారన్లు బిగించినవాళ్లు ఏ వైరును కోసి కలిపారో కూడా చూడండి. ఇంజన్ వైరింగ్‌లో కలిపి ఉంటే వాటన్నింటినీ ముందు తీసేసి, ఆ తర్వాతే పరీక్ష మొదలుపెట్టడం మంచిది.

ఇక ఇంజన్ ఆగిపోవడం. వేడికి ఆగిపోయి చల్లారాక స్టార్టవడం క్రాంక్ సెన్సర్ లోపానికి బాగా సరిపోయే లక్షణం, పి0335 కూడా దాన్నే సమర్థిస్తోంది. హైవే మీద గాలి తగులుతున్నంతసేపు బాగా నడిచి, కేఆర్ పురం ట్రాఫిక్‌లో నిలిచి నిలిచి పోతున్నప్పుడే ఆగడానికి కారణం ఇదే: బండి కదలనప్పుడు బానెట్ కింద వేడి పోగవుతుంది, ఫ్లైవీల్ పక్కన ఇరుకులో ఉండే సెన్సర్ ఆ వేడిలోనే మగ్గుతుంది. అయినా సెన్సర్ మార్చే ముందు ఒక విషయం గమనించండి. ఆగిపోయే క్షణంలో ఆర్‌పీఎం ముల్లు ఎలా పడింది? బండి ఇంకా గేరులో దొర్లుతుండగానే ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతే ఈసీయూకు ఆర్‌పీఎం సిగ్నల్ రావడం ఆగిపోయిందని అర్థం. ముల్లు ఇంజన్‌తో పాటు మెల్లగా దిగితే డీజిల్ సప్లై వైపు చూడాలి. ఆగిన వెంటనే, చల్లారనివ్వకుండా, స్కానర్ తగిలించి సెల్ఫ్ కొట్టి లైవ్ డేటా చూడండి. సెల్ఫ్ తిరుగుతున్నా ఆర్‌పీఎం సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సర్ లేదా దాని వైరింగ్. ఆర్‌పీఎం రెండు వందల దగ్గర చూపిస్తూ రైల్ ప్రెషర్ రెండు వందల బార్ల దాకా రాకపోతే ఫిల్టరు, పంపు, ఇంజెక్టర్ల లీకేజి వైపు వెళ్లాలి. కీ ఆన్‌లో ఉన్నా స్కానర్‌కు ఈసీయూ అసలు దొరకకపోతే మెయిన్ రిలే, ఫ్యూజులు చూడాలి. పాత రిలేల లోపలి టంకం వేడికి పగిలి, చల్లారితే మళ్లీ కలుస్తుంది, బయటి నుంచి చూస్తే క్రాంక్ సెన్సర్ లోపంలాగే ఉంటుంది.

సెన్సర్ పరీక్ష దాని రకాన్ని బట్టి ఉంటుంది. రెండు వైర్లది అయితే లోపల కాయిల్ ఉంటుంది. చాలావాటిలో 500 నుంచి 1500 ఓమ్స్ మధ్య చూపిస్తుంది. మీ మోడల్‌కు నిర్దేశించిన విలువను మాన్యువల్‌లో చూసుకోవాలి. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి ఒకసారి కొలవండి. వేడికి విలువ కొంత పెరగడం సహజమే, ఉన్నట్టుండి కనెక్షన్ లేనట్టు చూపిస్తే కాయిల్ లోపల తెగిందన్నమాట. కొందరు సెన్సర్ మార్చాలా అక్కర్లేదా అని తేల్చుకోవడానికి ఆగిన బండి సెన్సర్ మీద నీళ్లు పోస్తారు. బండి స్టార్టయితే సెన్సర్‌దే లోపమని నమ్ముతారు. అదే నీళ్లు పక్కనున్న కప్లర్‌లోకి దిగడం వల్ల నేను ఆ పద్ధతి వాడను. మూడు వైర్లది అయితే అది చాలావరకు హాల్ రకం (లోపల కాయిల్‌కు బదులు అయస్కాంతాన్ని గుర్తించే చిప్ ఉన్నది), దాని మీద ఓమ్స్ కొలవకూడదు. దాని సప్లై, ఎర్త్ చూసి, క్రాంక్ పుల్లీ నట్టుకు స్పానరు వేసి ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ సిగ్నల్ వైరు మీద వోల్టేజీ పైకీ కిందికీ మారుతోందా అని కొలవాలి.

ఈ తేడా మీకు మరో కారణంగా ముఖ్యం. మీ క్రాంక్ సెన్సర్ మూడు వైర్లది అయి, దానికి కూడా ఆ ఐదు వోల్టుల లైను నుంచే సప్లై వెళుతుంటే, ఒక్క షార్టుతోనే మీ నాలుగు కోడ్‌లూ, లాగకపోవడమూ, ఆగిపోవడమూ అన్నీ వివరించవచ్చు. రెండు వైర్లది అయితే దానికి ఐదు వోల్టులతో పని లేదు కాబట్టి, మీ బండిలో సంబంధం లేని రెండు లోపాలు ఒకే కాలంలో ఉన్నట్టే. పన్నెండేళ్లు దాటిన బండిలో అది వింతేమీ కాదు. అప్పుడు ఒకటి బాగుచేసి రెండోది మిగిలితే మొదటి పని తప్పయిందని తిరగదోడకండి.

సెన్సర్ బయటికి తీసినప్పుడు దాని కొనను చూడండి. అయస్కాంతానికి ఇనుప పొడి మీసాల్లా అంటుకుని ఉంటే తుడిచేయాలి. అంతకుముందు క్లచ్ ప్లేటు మార్చి ఉంటే, గేర్‌బాక్సు దించేటప్పుడు సెన్సర్ వైరు నలిగిందేమో, సెన్సర్ చదివే పళ్ల చక్రానికి దెబ్బ తగిలిందేమో కూడా చూడాలి. క్రాంక్ సెన్సర్ కొనేటప్పుడు మాత్రం ధర చూసి డూప్లికేట్ తీసుకోకండి. చల్లగా ఉన్నప్పుడు ఏ సెన్సర్ అయినా పనిచేస్తుంది. వేడిలో నిలవడంలోనే అసలు తేడా బయటపడుతుంది.

కప్లర్ల సంగతి విడిగా చెప్పాలి. బెంగళూరులో వానలకు అండర్‌పాసుల్లో నీళ్లు నిలవడం, ఆ నీళ్లలోంచి బండి పోవడం, ఆ బురద పోగొట్టడానికి వాటర్ సర్వీసింగ్‌లో ఇంజన్ మీద ప్రెషర్ గన్ పెట్టించడం అన్నీ కప్లర్లకు హానికరమే. బూస్ట్ సెన్సర్ కప్లర్ తీసి వెలుతురులో చూడండి. లోపలి రబ్బరు సీలు ముడుచుకుపోయి గానీ లేకుండా గానీ ఉంటుంది. పిన్నుల మొదట్లో పచ్చని పొడి, ఆయిల్ పొగ వల్ల నల్లని జిడ్డు కనిపిస్తాయి. ఆడ పిన్ను నోరు విచ్చుకుపోయి మగ పిన్నును గట్టిగా పట్టుకోదు. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే చేసి, మెత్తని బ్రష్‌తో శుభ్రం చేసి, ఆరాక సీలు కొత్తది వేసి కలపాలి. కప్లర్ పెట్టగానే లాక్ టక్కుమని పడాలి, లాక్ విరిగి టేపుతో చుట్టిన కప్లర్‌ను మార్చేయడమే మేలు. పెట్రోలుతోనో డీజిల్‌తోనో కడగవద్దు, సీళ్లు ఉబ్బిపోతాయి.

వైరు దొరికాక బాగుచేసే పని కూడా శ్రద్ధగా జరగాలి. తెగిన రెండు కొనలను మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టడం ఇంజన్ దగ్గర పనికిరాదు. ఆ వేడికి టేపు జిగురు కారి ఊడిపోతుంది. చెడిన ముక్క కోసేసి, అదే మందం వైరు కలిపి, సరైన స్లీవ్‌తో క్రింప్ చేసి, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ ట్యూబు వేసి వేడితో ముడుచుకునేలా చేయాలి. పక్కపక్కనే రెండు అతుకులు రాకుండా వాటిని ముందూ వెనకా వేయండి. క్రాంక్ సెన్సర్ వైర్లు ఒకదానితో ఒకటి మెలితిప్పి గానీ చుట్టూ షీల్డుతో గానీ ఉంటే మీరు వేసే ముక్క కూడా అలాగే ఉండాలి, ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటార్ కేబుళ్లకు దూరంగా పోవాలి. కట్టంతటికీ కొత్త ముడతల పైపు తొడిగి, ఊడిపోయిన క్లాంపు స్థానంలో కొత్తది బిగించకపోతే చేసిన పనంతా తాత్కాలికమే.

ఇవన్నీ చూసి, సప్లై వైరులో షార్టు లేదని, సెన్సర్లు బాగున్నాయని, ఈసీయూకు వచ్చే బ్యాటరీ సప్లై, ఎర్త్ రెండూ లోడు మీద కూడా సరిగా ఉన్నాయని రుజువైన తర్వాత కూడా ఐదు వోల్టులు రాకపోతే అప్పుడు ఈసీయూ గురించి ఆలోచించండి. అప్పుడు కూడా బెంగళూరులో బండి సామాన్లు దొరికే జేసీ రోడ్డుకు గానీ కలాసిపాళ్యానికి గానీ వెళ్లి అదే మోడల్ పాత ఈసీయూ తెచ్చి తగిలిస్తే సరిపోతుందని అనుకోవద్దు. వాహనాల పొగకు సంబంధించిన బీఎస్ 4 ప్రమాణాలు 2010 ఏప్రిల్‌లో బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ వంటి 13 నగరాల్లో మొదలై, దేశమంతటికీ 2017 ఏప్రిల్ నాటికి వచ్చాయి. ఆ మధ్య కాలంలో ఒకే పేరుతో, ఒకే సంవత్సరంలో అమ్మిన బండ్లలో బెంగళూరులో రిజిస్టరైనదానికీ మీ చిత్తూరు వైపు రిజిస్టరైనదానికీ సెన్సర్లు, ఈసీయూ ప్రోగ్రాము వేరుగా ఉండవచ్చు. అందువల్ల పాత ఈసీయూ మీది పార్టు నంబరు చివరి అంకె దాకా కలవాలి. అది కలిసినా ఇమ్మొబిలైజర్ (దొంగతనాన్ని అడ్డుకునే ఎలక్ట్రానిక్ తాళం) కీని కొత్తగా ఎక్కించాలి, ఒక్కో ఇంజెక్టర్ మీద ముద్రించి ఉన్న కోడ్‌ను ఈసీయూలో రాయాలి. ఆ కోడ్‌లు రాయకుండా వదిలేస్తే బండి స్టార్టవుతుంది కానీ పొగ, కొట్టుకునే శబ్దం మొదలవుతాయి, ఆ తర్వాత ఇంజెక్టర్లు చెడ్డాయన్న మరో ఖర్చు మీ మీద పడుతుంది.

లోపం సరిచేశాక కోడ్‌లు చెరిపి, ఖాళీ బండితో వీధి చుట్టూ తిప్పి ఊరుకోకుండా, ఎప్పుడూ వేసే లోడుతో, ఎప్పుడూ బాధపెట్టే దారిలోనే నడపండి. రాత్రి హెడ్‌లైట్లతో ఒకసారి, మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఒకసారి తోలి, లైటు వెలగకపోయినా స్కానర్‌లో పెండింగ్ కోడ్‌లు చూడండి. కోడ్ తిరిగి వస్తే దాన్ని చెరపక ముందే ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలు ఫొటో తీసి పెట్టుకోండి. ఆ క్షణంలో ఆర్‌పీఎం ఎంత, ఇంజన్ వేడి ఎంత, బ్యాటరీ వోల్టేజీ ఎంత అన్నది అందులో ఉంటుంది, మీ మెకానిక్ ఇంతవరకూ వాటిని చూసినట్టు మీ ప్రశ్నలో లేదు.

ప్రస్తుతానికి నాకు మూడు సంగతులు తెలిస్తే చాలు: సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య వచ్చిన వోల్టేజీ, లోడుతో ఎత్తు ఎక్కుతుండగా రైల్ సెన్సర్ సప్లై పిన్ను మీది కనిష్ఠ వోల్టేజీ, మీ క్రాంక్ సెన్సర్‌కు వైర్లు రెండా మూడా. అవి రాసి, ఈసీయూ మీది పార్టు నంబరు ఫొటో కూడా పెడితే, ఏ వైరును ఎక్కడి నుంచి విప్పడం మొదలుపెట్టాలో చెప్పగలను.